పొగ రాని విద్యుత్తు

జలవిద్యుత్తుకు పొగ లేదు, బూడిద లేదు, కనుక అది నిర్మలమని వాదించే మిత్రులను వేసవిలో ఒక్కసారి సంగమేశ్వరం రమ్మంటాను. శ్రీశైలం జలాశయం తగ్గాక, నెలల తరబడి మునిగి ఉన్న గుడి బయటపడుతుంది. వేపమొద్దు లింగం చెక్కుచెదరలేదు గానీ, చుట్టూ ఎంత ఒండ్రు! 308 టీఎంసీలకని కట్టిన జలాశయంలో దాదాపు మూడోవంతు పూడిపోయింది. వందకు అటూఇటూ ఊళ్ళను ఖాళీ చేయించి (1981లో ఇళ్ళు కూల్చి మరీ) సంపాదించిన లోతు అది.

ఆ మట్టి ఆకాశం నుండి రాలలేదు. ఎగువన చెట్లు పోయిన గుట్టల నుండి, గట్లు లేని చేల నుండి కొట్టుకొచ్చింది. అక్కడ మొక్కలు నాటడం, వాగులకు రాతికట్టలు వేయడం విద్యుత్తు ఖర్చులో భాగం కాదా? మన అంచనా పత్రాలకు సిమెంటు, యంత్రాలు తప్ప మరేవీ కనబడవు.

పైగా ఎడమగట్టు కేంద్రంలో 150 మెగావాట్ల యంత్రాలు ఆరూ నీటిని తిరిగి పైకి తోడగల రకంగా అమర్చినవే. పగటి సౌరవిద్యుత్తుతో తోడి రాత్రి వదిలితే, అందుకోసం కొత్తగా ఒక్క ఊరినీ ముంచనక్కరలేదు. ఆ పని పూర్తిగా చేసి చూపకుండా మరో లోయను అడిగేవారికి నా సమ్మతి లేదు. ముందు ఎగువ గుట్టల పద్దు చూపించండి.