నంబరిస్తేనే బిల్లా?

పోచంపల్లిలో చీర నేసిన ఇంటివాళ్లే ఇవాళ వాట్సాప్ వీడియో కాల్‌లో కొంగు విప్పి చూపిస్తున్నారు. ‘అంచు కాస్త దగ్గరగా చూపించమ్మా’ అని బెంగళూరు నుంచి అడిగితే అక్కడికక్కడే జవాబు, బేరం, ఫోన్‌పేలో డబ్బు, కొరియర్‌లో చీర. 2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్ యాప్ చిన్న వ్యాపారి చేతికి ఉచితంగా ఒక కేటలాగు ఇచ్చింది. డిజిటల్ మార్కెటింగ్‌లో మేలంటే ఇదీ: అమ్మేవాడూ కొనేవాడూ ఎదురెదురుగా మాట్లాడుకోవడం. పెద్ద షాపుల తీరు వేరు. సబ్బుబిళ్ల కొన్నా బిల్లు కౌంటర్లో ముందు ‘ఫోన్ నంబర్ చెప్పండి సార్’ అంటారు. ఆ పది అంకెలు చెప్పామా, ఇక ఆఫర్ల మెసేజ్‌ల మోతే! వస్తువు బాగాలేదని చెబుదామంటే ఆ మెసేజ్‌కి రిప్లై వెళ్లదు. చెప్పడమే తప్ప వినడం లేనిదాన్ని దండోరా అంటారు, సంభాషణ అనరు. నంబరు కోసం కొనుగోలుదారుల్ని బలవంతపెట్టొద్దని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలోనే వ్యాపారులకు సూచించింది. అయినా అడగడం మానలేదు, మనం ఇవ్వడమూ మానలేదు. ఈసారి కౌంటర్లో అడిగితే ‘నంబరు ఇవ్వను, బిల్లివ్వండి’ అనండి. అక్కర్లేని ప్రచార మెసేజ్‌లు వస్తుంటే 1909కి ఫిర్యాదు చేయండి.