గుఱ్ఱపు దుముకుల జట్టు పందెములు

ఆటలలో స్త్రీల కొక పందెము, పురుషుల కొక పందెము వేఱువేఱుగా నుండుట లోకములో వాడుక. పరుగున నట్లే, ఈతలో నట్లే, బంతియాటలో నట్లే. ఈ భేద మేమియు లేక, ఒకే మైదానమున, ఒకే యెత్తుగల అడ్డుల మీదుగా, ఒకే లెక్కతో స్త్రీపురుషులు పోటీపడు క్రీడలు మిక్కిలి తక్కువ. వానిలో ముఖ్యమైనది గుఱ్ఱపుస్వారి. అందును దేశమునకొక జట్టు చొప్పున కూడి చేయు దుముకుల పందెమును గూర్చి ఈ నెల సోదరీమణులకు విన్నవింప దలచితిమి. గుఱ్ఱముతో మనకేమి పని యని ఈ పుట త్రిప్పివేయ వలదు. ఇందు మన యిండ్లకు సంబంధించిన సంగతి యొకటి కలదు.

పందెము చూచుటకు సులభముగనే తోచును. మైదానములో రంగులు వేసిన కఱ్ఱలతో పది పండ్రెండు అడ్డులు నిలుపుదురు. పెద్ద పందెములలో వాని యెత్తు 1.60 మీటర్ల వఱకు, అనగా మన స్త్రీలలో అనేకుల తలయెత్తు వఱకు నుండును. కొన్నిచోట్ల వెడల్పైన నీటిగుంట యుండును. రౌతు గుఱ్ఱమును ఆ వరుసలోనే దుమికించి, నియమిత కాలములో ముగింపవలెను. కఱ్ఱ పడినచో నాలుగు తప్పులు. గుఱ్ఱము అడ్డు ముందర మొరాయించినచో నాలుగు తప్పులు. రెండవమారు మొరాయించినను, రౌతు క్రిందపడినను పందెమునుండి తొలగవలసినదే. కాలము మించినచో దానికిని తప్పులు లెక్కింతురు. ఎవరికి తప్పులు తక్కువయో వారిదే గెలుపు. కఱ్ఱలు ఊఁతగిన్నెలలో తేలికగా ఆనించియుండును గాన, గిట్ట తగిలినంతనే జారిపడును. ఆ గిట్టతాకిడి శబ్దమునకే చూపరుల గుండె ఝల్లుమనును.

దేశముల జట్లు ఇట్లు పోటీపడుట 1909లో ఆరంభమయ్యెను. ఈ క్రీడల పాలనకై అంతర్జాతీయ సమాఖ్య 1921లో ఏర్పడెను. జట్టున నలుగురు రౌతులు. నలుగురును దుముకుదురు. కాని లెక్కకు వచ్చునది మేలైన ముగ్గురి ఫలితము మాత్రమే. నాల్గవవారి తప్పులు, అవి యెన్నియైనను, విడిచివేయబడును. ఈ చిన్న నియమమును చదువరులు జ్ఞాపకముంచుకొన వేడెదము.

2024లో ఈ పందెములకు కొత్త క్రమ మేర్పఱచిరి. అగ్రశ్రేణికి చెందిన పది దేశముల జట్లు ఆ యేడు అబూధాబీలోను, అమెరికాలోని ఓకాలాలోను, స్విట్జర్లండులోని సెంట్ గాలెన్‌లోను, హాలండులోని రాటర్‌డామ్‌లోను వరుసగా తలపడి, తుదిపందెమునకు స్పెయిన్ దేశమందలి బార్సిలోనాకు చేరవలసియుండెను. మొదటి ఆవృత్తిలో పూర్వమువలెనే నలుగురు దుమికి ముగ్గురి ఫలితము లెక్కకు వచ్చును. రెండవ ఆవృత్తికి ఎనిమిది జట్లే మిగులును, జట్టునకు ముగ్గురే దిగుదురు, ఆ ముగ్గురి తప్పులును లెక్కకు వచ్చును. నలుగురిలో ఎవరిని కూర్చుండబెట్టవలెనో జట్టు నాయకుడే నిర్ణయింపవలెను. ఉదయము బాగుగా దుమికిన గుఱ్ఱము మధ్యాహ్నమునకు అలసియుండవచ్చును. నాయకునికి ఆ నిర్ణయము కత్తిమీది సామే.

ఈ మైదానము స్త్రీలకు మొదటినుండియు తెఱచియున్నదని తలపరాదు. ఒలింపిక్ పందెములలో 1948 వఱకు గుఱ్ఱపుస్వారి సైన్యములోని పై యధికారులకే చెల్లుచుండెను. సామాన్య సైనికునికిని ప్రవేశము లేదు, స్త్రీ మాట చెప్పనేల? 1948లో గెలిచిన స్వీడను జట్టులో ఒకడు పై యధికారి కాడని తెలిసి, మరుసటి యేట వారి స్వర్ణపతకమునే వెనుకకు తీసికొనిరి. 1952లో ఆ కట్టుబాటు సడలెను. గుఱ్ఱముచే తీర్చిన నడకలు నడిపించు పందెమున ఆ యేడు స్త్రీలు అడుగిడిరి. డెన్మార్కు వనిత లిస్ హార్టెల్‌కు 1944లో గర్భవతిగా నున్నప్పుడు పోలియో సోకి మోకాళ్ళ క్రింద చచ్చుబడెను. ఒరులు చేయూతనిచ్చి గుఱ్ఱ మెక్కింపవలసి యుండెను. ఆమెయే 1952లో హెల్సింకీలో రజత పతకము గైకొనెను. దుముకుల పందెమునకు మాత్రము స్త్రీలు 1956 వఱకు వేచియుండవలసి వచ్చెను. ఆ సంవత్సరము స్టాక్‌హోమ్‌లో ఇంగ్లండు యువతి పాట్ స్మైత్ ఫ్లానగన్ అను గుఱ్ఱముపై దుమికి, తన జట్టునకు కాంస్య పతకము తెచ్చుటలో పాలుపంచుకొనెను.

తరువాత అఱువదియైదేండ్లకు జరిగిన దొకటి చెప్పుదుము. 2021 ఆగస్టు 7వ తేదీన టోక్యోలో స్వీడను, అమెరికా జట్లు చెరి యెనిమిది తప్పులతో సరిసమానముగ నిలిచెను. గెలుపు తేల్చుటకు జట్టునకు ముగ్గురు చొప్పున ఆఱుగురు మరల దుముకవలసి వచ్చెను. ఆఱుగురును ఒక్క కఱ్ఱయైనను పడకుండ దుమికిరి. ముగ్గురి కాలమును కలిపి చూడగా స్వీడను కేవలము 1.3 సెకను ముందున్నది, స్వర్ణము వారిది. ఆ యాఱుగురిలో ముగ్గురు స్త్రీలు. స్వీడను పక్షమున మాలిన్ బర్యార్డ్ జాన్సన్, అమెరికా పక్షమున లారా క్రౌట్, జెస్సికా స్ప్రింగ్‌స్టీన్. లారా క్రౌట్‌కు అప్పటికి 55 ఏండ్లు. ఆమెయే 2024లో పారిస్‌లోను అమెరికా జట్టున నిలిచి మరల రజతము గైకొనెను. ఆ పారిస్ పందెమున స్వర్ణము బ్రిటను వారిది, కాంస్యము ఫ్రాన్సు వారిది. నలుబది దాటిన స్త్రీకి ఇక ఆటపాట లేమిటని అడుగువారికి ఇంతకన్న ప్రత్యుత్తర మేల?

ఐతే టోక్యోలోనే ఒక వివాదమును పుట్టెను. ఎక్కువ దేశములకు చోటు కల్పింపవలెనని, ఒలింపిక్ పందెములలో జట్టును నలుగురినుండి ముగ్గురికి తగ్గించిరి. విడిచివేయు నాల్గవ ఫలితము పోయెను. ముగ్గురి తప్పులును లెక్కకు వచ్చెను. చాలమంది రౌతులు దీని కభ్యంతరము తెలిపిరి. వారి వాదము న్యాయమైనదే. పూర్వము ఒక గుఱ్ఱము అలసినచో, బెదరినచో రౌతు చేయెత్తి నమస్కరించి తప్పుకొనవచ్చును, జట్టు మునుగదు. ఇప్పుడో, తప్పుకొన్న జట్టంతయు కూలును. కావున రౌతు తన గుఱ్ఱము శ్రమపడుచున్నదని తెలిసియు ముందునకే తోలునేమో యని వారి భయము. నోరులేని జీవముమీద ఆ భారము పడుట తగునా? ఎక్కువ దేశములు పాల్గొనుటయు మంచిదే, కాదనలేము. కాని ఒకరి తప్పును మిగిలినవారు కాచుకొను వీలు జట్టున కుండుటయే జట్టు ధర్మమని మా తలంపు.

మన దేశపు సంగతి చూతము. గుఱ్ఱము తెలుగువారికి క్రొత్త కాదు. ఓరుగల్లు నేలిన కాకతీయుల కొలువున అశ్వసాహిణులను అధికారు లుండిరి. రుద్రమదేవి స్వయముగ సేన నడపిన రాణి. 1289 నాటి చందుపట్ల శాసనము ఆమె మరణమును తెలుపుచున్నది. ఓరుగల్లు సమీపమున బొల్లికుంటలో కత్తి చేబూని గుఱ్ఱమెక్కి యున్న శిల్పము ఆమెదేయని పురావస్తుశాఖవారు 2017లో తెలిపిరి. ఆ కాలమునే దక్షిణదేశము చూచిన మార్కో పోలో, పాండ్యదేశమునకు ఓడలపై వేలకొలది గుఱ్ఱములు వచ్చుచుండెననియు, వానికి మాంసముతో వండిన అన్నము పెట్టుటచేతను, పోషణ తెలిసినవారు లేకపోవుటచేతను అవి త్వరలోనే చచ్చుచుండెననియు వ్రాసెను. గడ్డియు ఉలవగుగ్గిళ్ళును తినవలసిన జంతువునకు మాంసాన్నము పెట్టినచో నేమగును? ఎంత వెల పోసినను పోషణ తెలియనిచో ఫలము సున్న. ఇల్లు నడపు స్త్రీలకు ఈ మాట వేఱుగ చెప్పనక్కఱలేదు.

స్వతంత్ర భారతమున 1982 ఢిల్లీ ఏషియా క్రీడలలో మన రౌతులు మూడు స్వర్ణములు గెలిచిరి. పిమ్మట 41 ఏండ్లు స్వర్ణము లేదు. 2023లో చైనాలోని హాంగ్‌జౌలో నడకల పందెమున మన జట్టు మరల స్వర్ణము గైకొనెను. నలుగురున్న ఆ జట్టులో ఇద్దరు కన్యలు, సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్. దివ్యకృతి గుఱ్ఱపుస్వారికి అర్జున పురస్కార మందిన మొదటి స్త్రీ. ఈ జట్టువారు యూరపులో నివసించి, అచ్చటనే గుఱ్ఱములతో అభ్యసించి పందెమునకు రావలసి వచ్చెను. మన దేశపు గుఱ్ఱములకు అంటురోగములు లేవని పరదేశములు ఒప్పుకొను ఏర్పాటు లేకపోవుటయే దానికి ముఖ్యకారణము. 2025లో మీరట్‌లోని సైనిక పశువైద్య కేంద్రమున రోగరహిత విభాగ మొకటి ఏర్పడి ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ గుర్తింపు పొందెను. మన గుఱ్ఱములు మన గడ్డనుండియే పందెములకు వెళ్ళు దారి ఇట్లు తెఱవబడినది. మన హైదరాబాదులోని జాతీయ పోలీసు అకాడమీలో ఉద్యోగమున చేరు యువతులకు, యువకులతోపాటు గుఱ్ఱపుస్వారి నేర్పుచున్నారు.

ఐనను, మహబూబాబాదు జిల్లా దంతాలపల్లిలో ఈ పుట చదువు సోదరి, ‘‘అమ్మా, మా యూర గుఱ్ఱము కనబడునది పెండ్లి బరాతులోనే గదా, ఈ కథ మా కేల?’’ యని యడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. ఈ స్వారి ధనవంతుల క్రీడ. గుఱ్ఱపు వెల, దాణా, లాయము, వైద్యము, విమానపు కూలి సామాన్య గృహస్థునకు అందునవి కావు. పల్లెటూరి బాలికను దుముకుల పందెమునకు పంపుడని మేము చెప్పుటలేదు. ఊరి బడిలో కబడ్డీయో, ఖోఖోయో, పరుగుపందెమో యుండును. వానికి పంపుడని చెప్పుచున్నాము. ఈడు వచ్చినదని ఆటనుండి మాన్పింపకుడు. చీకటి పడకముందే యిల్లు చేరు ఏర్పాటు చేయుడు, తోడుగా ఇరుగుపొరుగు బాలికలను కూర్చుడు. కొమార్తె జట్టులో ఆడినచో, ఇతరులతో కలసి గెలుచుట, కలసి ఓడుట ఆమెకు అలవడును.

ఇక మొదట జ్ఞాపకముంచుకొనుడని వేడిన నియమము. నలుగురిలో ఒకరి తప్పు విడిచివేయుట. మన కుటుంబములలో పురుషుని తప్పులు అనేకము విడిచివేయబడుచున్నవి. పరీక్ష తప్పిన కుమారుని మరుసటి యేట మరల కూర్చుండబెట్టుదుము. అదే కొమార్తె యొకమారు తప్పినచో, చదువు మాన్పించి సంబంధము వెదకుదుము. క్రొత్తకోడలు ఒకనాడు కూర మాడ్చినచో అది యేండ్లకొలది జ్ఞాపకముండును. అల్లుడు చేసిన అప్పు మాత్రము నెలలోనే మఱపునకు వచ్చును. స్త్రీ ప్రతి తప్పును లెక్కలో వేసికొనుచు, తడబడుటకు చోటే లేని పందెమున పరుగిడుచున్నది. అలసితినని చేయెత్తుటకును ఆమెకు వీలు లేదు.

రౌతు మెత్తనైన గుఱ్ఱము మూడుకాళ్ళ నడచునని పెద్దలు చెప్పుదురు. ఆ మాట నిజమే. క్రమశిక్షణ వలదని మేమనము. కాని గట్టి రౌతు గుఱ్ఱము మొరాయించినప్పుడు కొరడా తీయడు, వెనుకకు త్రిప్పి, మెడ నిమిరి, అడ్డును మరల చూపును. అత్తగారలు కోడండ్రయెడను, తల్లులు కొమార్తెలయెడను ఆ పాటి నెమ్మది చూపవలెనని మా విన్నపము. ఈ యేడు బడి పరీక్షల ఫలితములు వచ్చిననాడు, ఒకటి రెండు పాఠములలో తప్పిన బాలిక మీ యింట నున్నచో, పుస్తకములు అటకపై పెట్టక ఆమెను మరల పరీక్షకు కూర్చుండబెట్టుడు.