ఆ కోపం ఎవరిది?

పోయిన ఏడాది మా మరిది మాసబ్ ట్యాంక్ ఫ్లైఓవర్ దిగుతూ బండి మీంచి పడ్డాడు. తలకి దెబ్బ. ఆపరేషన్ అయ్యాక రెండు రోజులైనా కళ్ళు తెరవలేదు. మత్తు దిగలేదేమో అనుకున్నాం. తలకి వైర్లు అతికించి ఈఈజీ తీస్తే తెలిసింది, లోపల ఫిట్స్ నడుస్తున్నాయట! కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం లేదు, నురగ లేదు. గాయపడిన మెదడులో ఇలా చప్పుడు చేయకుండా ఫిట్స్ వస్తాయనీ, ఈఈజీలో తప్ప తెలియవనీ అప్పుడే విన్నాను.

మందులు పడ్డాయి, లేచాడు, ఇంటికొచ్చాడు. పొద్దునా రాత్రీ లెవెటిరాసెటమ్ మాత్ర. గొంతు పెంచడం ఎరగని మనిషి, పప్పులో ఉప్పు తక్కువైందని కంచం విసిరేశాడు. "దెబ్బ తిన్నవాడు, నువ్వే సర్దుకోవాలమ్మా" అన్నారు మా అత్తగారు. మా తోడికోడలు మూడు నెలలు సర్దుకుంది. ఒకరోజు వంటింట్లో నన్ను పట్టుకుని "అక్కా, ఈయన మా ఆయన కాదు" అని ఏడ్చింది.

నేను చదివింది బీఏ తెలుగు. అయినా మాత్రల పెట్టెలోని కాగితం తీసి చదివాను. ఈ మందుతో చిరాకు, కోపం రావచ్చని ఉంది. డాక్టరుగారిని అడిగితే "దెబ్బ వల్లా కావచ్చు, మాత్ర వల్లా కావచ్చు, మార్చి చూద్దాం" అన్నారు. ఆ ముక్క డిశ్చార్జి రోజే చెప్పుంటే ఆ పిల్లకి మూడు నెలల ఏడుపు తప్పేది కదా? లోపలి కరెంటుని మిషన్ చూస్తుంది. ఇంట్లో కంచం ఎగరడం చూసేది మనమే. అది చెప్పడం మొగుడి మీద చాడీ కాదు.

ఇంకోటి, "ఎన్నాళ్ళు వాడాలి?" అనీ అడగండి. ఫిట్స్ రాకపోయినా, తలకి పెద్ద దెబ్బ తగిలినప్పుడు ముందుజాగ్రత్తగా ఇచ్చే మందు మామూలుగా 7 రోజులే. ఫెనిటాయిన్ మీద 1990లో అమెరికాలో వచ్చిన పరిశోధనలో, అది మొదటి వారం ఫిట్స్ తగ్గించింది గానీ తర్వాత వచ్చేవాటిని ఆపలేకపోయింది. మా మరిదిలా ఫిట్స్ వచ్చినవాళ్ళ లెక్క వేరు, వాళ్ళకి ఎక్కువకాలమే అవసరం పడొచ్చు. ఎవరైనా సరే, డాక్టరుని అడక్కుండా మాత్ర ఆపేయకండి. ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ తిరగబెడతాయి.

మా మరిదికి పాతది మెల్లగా తగ్గిస్తూ కొత్త మందు మొదలుపెట్టారు. ఇప్పుడు పప్పులో ఉప్పు తక్కువైతే ఆవకాయ కలుపుకుంటున్నాడు.