తెంపి చూడని తీగె

వార్తాసంబంధాల వల ఎంత విశాలమో అని గర్వించేవారు అనేకులు. అది తెగిననాడు ఏమగునని యోచించేవారు అరుదు. అమెరికాలోని రాండ్ సంస్థకు చెందిన పాల్ బరన్ ఆ యోచన చేశాడు. సకల తీగెలూ ఒకే కేంద్రానికి చేరే ఏర్పాటు ఒక్క దెబ్బకు కూలుతుంది. చేపల వలలోనో, ఒక ముడి తెగినా తక్కినవి పట్టు విడువవు. ఆ తీరున అల్లి, కనీసావసరానికి మూడు నాలుగు రెట్లు తీగెలుంచితే, పెక్కు కేంద్రాలు ధ్వంసమైనా మిగిలినవి మాట్లాడుకోగలవని ఆయన కంప్యూటర్‌పై పరీక్షించి 1964లో వెల్లడించాడు.

అదనపు దారులున్నంత మాత్రాన నిశ్చింతగా ఉండవచ్చునా? 1990 జనవరి 15న అమెరికాలో ఏ.టి. అండ్ టి. వారి టెలిఫోన్ వ్యవస్థ దాదాపు తొమ్మిది గంటలు కుంటుపడింది. న్యూయార్క్‌లోని ఒక స్విచ్చి చిన్న లోపాన్ని తానే సవరించుకొని, మళ్లీ సిద్ధమైనానని పొరుగు స్విచ్చులకు తెలిపింది. ఆ కబురందుకోవడంలో తడబడి అవీ ఆగాయి. లేచి తామూ అదే కబురు పంపాయి. ఇలా 114 స్విచ్చులు ఒకదానినొకటి పడద్రోసుకున్నాయి. అన్నింటా ఒకే ప్రోగ్రాము, ఒకే తప్పు. విచిత్రమేమంటే, ఆ తప్పు దాగినది లోపాల నుండి కోలుకొనుటకు వ్రాసిన భాగంలోనే!

హుద్‌హుద్ అనగా సులేమాన్ ప్రవక్తకు సబా దేశపు వార్త మోసుకొచ్చిన పిట్ట. ఆ పేరుగల తుపాను 2014 అక్టోబరు 12న విశాఖకు వార్తలన్నింటినీ తెంచివేసింది. జేబులో రెండు కంపెనీల సిమ్ములున్నవారికీ ఫోను మూగవోయింది. కంపెనీలు వేరైనా పలుచోట్ల టవరొకటే. టవర్లు వేరైనా కరెంటొకటే. కరెంటు పోతే బ్యాటరీ కొన్ని గంటలు, ఆపైన డీజిల్. దారి పొడుగునా చెట్లు కూలి ఉండగా డీజిల్ మోసుకొచ్చేదెవరు? లెక్కకు రెండు, నిజానికి ఒకటి.

కనుక కట్టినవారి మాట నమ్మి ఊరుకొనక, తెంపి చూడాలని నా అభిప్రాయం. నెట్‌ఫ్లిక్స్ సంస్థ తన కంప్యూటర్లను ఉన్నట్టుండి ఆపివేయుటకే ఒక ప్రోగ్రామును తయారుచేసుకొన్నది. ఇంజనీర్లు కుర్చీల్లో ఉన్న పనివేళల్లోనే దానిని నడుపుతారు. దాని పేరు కేయాస్ మంకీ. కోతికి తగిన పనే!

కమిటీ పెద్దలకు ఒక మనవి. వర్షాకాలంలో ఒక పనిదినాన గంటసేపు మన కళాశాలలో కరెంటు, ఇంటర్నెట్, ఫోన్లు కట్టివేయించండి. రేపు సెలవన్న కబురు దూరగ్రామాల విద్యార్థినుల ఇళ్లకు ఏ దారిన చేరుతుందో చూద్దాం. జనరేటరు గది తాళంచెవి ఎవరి వద్ద ఉన్నదో కూడా ఆ గంటలోనే తేలుతుంది.