ఆశువు ఎవరి సొత్తు?

ఆశుకవిత్వం దైవదత్తమనీ, పూర్వజన్మ సుకృతమనీ, సాధనతో దానికి నిమిత్తం లేదనీ మన పండితులు తరచు సెలవిస్తుంటారు. వినడానికి ఈ మాట ఎంతో వినయంగా ఉంటుంది. కాని దీని వెనక ఉన్నది వినయం కాదు, విద్యమీద గుత్తాధిపత్యం.

ముందు మాటనే పరిశీలిద్దాం. సంస్కృతంలో 'ఆశు' అంటే త్వరగా అని అర్థం. ఋగ్వేదంలో అది వడిగల గుర్రానికి చెప్పిన మాట. అమరకోశంలో త్వరగా పండే ఒక వరిధాన్యం పేరు. బెంగాలు రైతులు 'ఔస్' అనే పంట పేరు ఇందులోనుంచి వచ్చిందే. మన లాక్షణికులు కవిత్వాన్ని ఆశు, మధుర, చిత్ర, విస్తరాలని విభజించినప్పుడు కూడా 'ఆశువు' చెప్పేది వేగాన్నే. ఇంగ్లీషువారి 'ఇంప్రొవైజేషన్'కు లాటిన్ మూలార్థం 'ముందు చూడనిది' అని. ఈ రెంటిలో ఎక్కడా వరప్రసాదం ఊసే లేదు. త్వరగా పండే వరి అయినంతమాత్రాన దున్నకుండా, విత్తకుండా పండుతుందా?

అవధానమే తీసుకోండి. నిషేధాక్షరిలో పృచ్ఛకుడు అక్షరం అక్షరానికీ అడ్డు తగులుతుంటే అవధాని మరో దారి తొక్కుతాడు. ఆ దారులు ఎక్కడివి? ఏళ్ళతరబడి వల్లెవేసిన నిఘంటువులవి, యతిప్రాసల అలవాటువి, ధారణవి. పద్యం పుట్టింది అప్పుడే. దాని సామగ్రి మాత్రం అప్పుడు పుట్టింది కాదు. 1930 దశకంలో మిల్మన్ పారీ యుగోస్లావియా గాయకుల వీరగాథలను రికార్డు చేశాడు. ఆయన శిష్యుడు ఆల్బర్ట్ లార్డ్ 1960లో ప్రచురించిన గ్రంథం తేల్చినదేమిటి? ఆ గాయకులు బట్టీపట్టి అప్పజెప్పలేదు. చిన్ననాటినుంచి విని నేర్చిన పదబంధాలనూ, ఘట్టాలనూ పాడుతూ పాడుతూనే కూర్చుకున్నారు. వారిలో చాలామంది చదువురానివాళ్ళు!

అలాంటప్పుడు సభలో శాలువా కప్పించుకున్నవాడు మాత్రమే ఆశుకవి ఎందుకయ్యాడు? నాట్లమడిలో ముందు గొంతెత్తి, కూలి కొలతలో మోతుబరి చేసిన మోసాన్ని అక్కడికక్కడే చరణంగా కట్టిన స్త్రీ ఎందుకు కాలేదు? ఆమె పాటకు 'జానపదం' అని ముద్ర వేశారు, పేరు తుడిచేశారు. బుర్రకథలో వంతపాటగాడు నాటి రాజకీయాన్ని కథ మధ్యలోకి లాగి జనాన్ని నవ్విస్తూ ఆలోచింపజేస్తే, దాన్ని వినోదమన్నారు. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి ఆ శక్తినే గుర్తించింది. నాజర్ ఆ కళను ఊరూరికీ మోసుకుపోయాడు.

అయితే ప్రతిభ అనేది లేనేలేదా అని అడుగుతారు. ఉంది. కాని అది విత్తనం. నేలా, నీరూ, తీరికా ఎవరికి దక్కాయన్నది అసలు ప్రశ్న. దాన్ని తప్పించుకోవడానికే 'వరం' అనే మాట పనికివస్తున్నది.

ఇది నిఘంటువులతో ముగిసే చర్చ కాదు. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన విద్యార్థి, ఆశువు వరమని పాఠంలో విని, తనకది లేదనుకుని నోరు మూసుకుంటున్నాడు. వాళ్ళమ్మ మాత్రం పొలంలో రోజూ పాటలు కడుతూనే ఉన్నది! అధ్యాపక మిత్రులు ఆశుకవిత్వం పాఠం చెప్పే రోజున ఆమె పాటను కూడా అదే పేరుతో పిలవాలి. ఆ విద్య ఎలా అబ్బుతుందో విప్పి చెప్పాలి. విప్పి చెప్పగలిగిన విద్య ఎవరి గుత్తసొత్తుగానూ మిగలదు.