పరుగు చూశారు, ఆట చూడలేదు

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లోని జట్ల యాజమాన్యాలు ఏటా వసంతంలో ఒక తప్పు చేస్తాయి. తెలిసే చేస్తాయి. కళాశాల మైదానాల్లో మూడు నాలుగేళ్లపాటు వేలమంది కళ్లెదుట బంతులు పట్టిన వైడ్ రిసీవర్ల విలువను, బంతీ ప్రత్యర్థీ లేని ఒక్క పరుగు చూసి అటూఇటూ చేసేస్తాయి. ఆ తప్పుకు జరిమానా కట్టేది యాజమాన్యాలు కాదు, ఇరవై రెండేళ్ల కుర్రాళ్లు.

2017 సంగతే చూడండి. వాషింగ్టన్ రాష్ట్రంలో ఇద్దరు రిసీవర్లున్నారు. ఒకరు పెద్ద విశ్వవిద్యాలయంలో ఆడిన జాన్ రాస్. రెండోవాడు ఈస్టర్న్ వాషింగ్టన్ అనే చిన్న విశ్వవిద్యాలయం కుర్రాడు కూపర్ కప్. ఇండియానాపోలిస్‌లో జరిగే ‘కంబైన్’ పరీక్షల్లో రాస్ 40 గజాల దూరాన్ని 4.22 సెకన్లలో పరుగెత్తి అప్పటికి రికార్డు సృష్టించాడు. కూపర్‌కు 4.62 సెకన్లు పట్టింది. జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే ‘డ్రాఫ్ట్’లో సిన్సినాటి బెంగాల్స్ జట్టు 9వ ఎంపికగా రాస్‌ను తీసుకుంది. రెండో రౌండ్‌లోనూ ఏ జట్టూ కూపర్ వైపు చూడలేదు. చివరికి 69వ స్థానంలో లాస్ ఏంజెలెస్ రామ్స్ అతన్ని తీసుకుంది.

సిన్సినాటిలో రాస్ నాలుగు సీజన్లలో పట్టిన బంతులు 51, సాధించినవి 733 గజాలు. మొదటి సీజన్‌లో ఒక్క బంతీ పట్టలేదు. కూపర్ 2021లో ఒక్క సీజన్లోనే 145 బంతులు పట్టి 1,947 గజాలు సాధించాడు. ఆ సీజన్ ముగింపులో, 2022 ఫిబ్రవరి 13న జరిగిన లీగ్ ఫైనల్ సూపర్‌బౌల్‌లో రామ్స్‌కు ప్రత్యర్థి మరెవరో కాదు, సిన్సినాటే. ఆట ఇక నిమిషం 25 సెకన్లలో ముగుస్తుందనగా గెలుపు టచ్‌డౌన్ చేసిందీ, ఉత్తమ ఆటగాడి పురస్కారం అందుకుందీ కూపరే.

ఈ ఫలితానికి రాస్‌ను నిందించడం అన్యాయం. 2016లో అతను 81 బంతులు పట్టి 17 టచ్‌డౌన్లు చేశాడు, ఆట రానివాడు కాదు. కానీ మోకాలి గాయంతో అంతకుముందు సీజన్ మొత్తం కూర్చుండిపోయాడు. ఒక్క ఏడాది ఆట, గాయాలపాలైన కాళ్లు, ఒక అద్భుతమైన పరుగు: అతని చిట్టాలో ఉన్నవి ఇవి. సిన్సినాటి ఆ మూడోదాన్ని చూసి మిగతా రెండింటికీ కళ్లు మూసుకుంది. వృత్తి ఆటలోనూ గాయాలు వదల్లేదు. ఎంపిక చేసిన జట్టు బలహీనతకు ‘విఫలుడు’ అన్న ముద్ర అతని నుదుటన పడింది.

మరి కూపర్‌కు ఆనాడు చెప్పిన అభ్యంతరమేమిటి? వేగం తక్కువ, పైగా చిన్న కళాశాలల మీద ఆడాడు అని. నాలుగేళ్లలో 428 బంతులు, 6,464 గజాలు, 73 టచ్‌డౌన్లు సాధించినా ప్రత్యర్థులు బలహీనులన్నారు. 2015లో ఆరెగాన్ మీద అతను 246 గజాలు సాధించాడు. 2016లో వాషింగ్టన్ స్టేట్ మీద 206 గజాలు సాధించాడు, ఆ ఆటలో అతని జట్టే గెలిచింది. అంతకుముందు 2014లో రాస్ ఉన్న వాషింగ్టన్ జట్టు మీదే మూడు టచ్‌డౌన్లు చేశాడు. ఇవన్నీ పెద్ద జట్లే. ఆ ఆటల వీడియోలు ప్రతి జట్టు కార్యాలయంలోనూ ఉన్నాయి. కావాలంటే చూడొచ్చు. చూసి కూడా స్టాప్‌వాచీ మాటే విన్నారు. మా ఫిర్యాదు అదే.

ఈ ఆట పరిచయం లేని పాఠకుల కోసం డ్రాఫ్ట్ గురించి రెండు మాటలు. ఐపీఎల్ వేలంలోలా ఇక్కడ ఆటగాడి కోసం జట్లు పోటీపడి ధర పెంచవు. 32 జట్లు వరుసలో నిలబడి ఏడు రౌండ్లలో ఒక్కొక్కరిని ఎంచుకుంటాయి. ఎంచుకున్న జట్టుకే ఆడాలి. 2011 నుంచి జీతం కూడా వరుస సంఖ్యను బట్టే నిర్ణయమవుతోంది. మొదట పిలిచినవాడికి కోట్ల డాలర్లు, చివర పిలిచినవాడికి అందులో చిన్న పాలు. అంటే ఎంపికలో పొరపాటు జరిగితే అది కుర్రాడి జీతంలో కోత. డాలస్ శివారు ఫ్రిస్కోలో, కౌబాయ్స్ ప్రధాన కార్యాలయం పొరుగునే పెరుగుతున్న మన తెలుగు పిల్లలకు ఈ లెక్కలన్నీ కంఠతా వచ్చు. వాటి వెనకున్న అన్యాయమూ వాళ్లకు తెలియాలి.

అసలు రిసీవర్ పనేమిటో దగ్గరగా చూడండి. బంతి కదలగానే ఎదురుగా కాపలా ఉన్న ప్రత్యర్థి కార్నర్‌బ్యాక్ రెండు చేతులతో అతని గుండెలమీద మోదుతాడు. ఆ చేతుల్ని తప్పించాలి, తప్పించే కంగారులో తాను వెళ్లాల్సిన దారి తప్పకూడదు. లోపలికి పోతున్నట్టు ఒక అడుగు వేసి బయటికి మళ్లాలి. పూర్తి వేగంతో పన్నెండు గజాలు పరుగెత్తుతూ ప్రత్యర్థి వెన్ను తిప్పి పరుగందుకునేలా చేయాలి. సరిగ్గా అప్పుడే నడుము దించి, రెండు మూడు అడుగుల్లో ఆగి, పక్కగీత వైపు తిరగాలి. అతను తిరిగేలోపే, బంతులు విసిరే క్వార్టర్‌బ్యాక్ చేతిలోంచి బంతి వెళ్లిపోయి ఉంటుంది. తల తిప్పగానే కనబడే ఆ బంతిని వేళ్లతో అందుకుని, రెండు పాదాలూ గీత లోపల మోపి, వెనకనుంచి వచ్చే దెబ్బను కాచుకోవాలి.

ఈ పనిలో నిటారుగా పరుగెత్తే వేగం ఒక భాగం. అందులో ఆగే వేగం ఉంది, తిరిగే వేగం ఉంది, ప్రత్యర్థి మనసు చదివే వేగం ఉంది. 40 గజాల పరుగులో వీటిలో ఏ ఒక్కటీ తెలియదు. వేగం అక్కర్లేదని మేమనడం లేదు. ర్యాండీ మాస్, టైరీక్ హిల్ వంటివాళ్లు ఆ వేగంతోనే రక్షణ శ్రేణుల్ని చెల్లాచెదురు చేశారు. కానీ వాళ్ల వేగం ఆటలో కనబడిన వేగం. దాన్ని చూడటానికి ఇండియానాపోలిస్ దాకా వెళ్లనక్కర్లేదు.

పోనీ, అంకెలనైనా నమ్మి నడుచుకుంటున్నారా? అదీ లేదు. 2020 డ్రాఫ్ట్‌లో ఫిలడెల్ఫియా ఈగిల్స్ 21వ ఎంపికగా జేలెన్ రేగర్‌ను తీసుకుంది. వెంటనే 22వ ఎంపికగా మినసోటా వైకింగ్స్ జస్టిన్ జెఫర్సన్‌ను తీసుకుంది. కంబైన్‌లో జెఫర్సన్ పరుగు 4.43 సెకన్లు, రేగర్‌ది 4.47. వేగమే ముఖ్యమైతే జెఫర్సనే ముందుండాలి. ఆటే ముఖ్యమైతే అసలు పోలికే లేదు: 2019లో జెఫర్సన్ 111 బంతులు, 1,540 గజాలు, 18 టచ్‌డౌన్లు, రేగర్ 43 బంతులు, 611 గజాలు, 5 టచ్‌డౌన్లు. ఆ డిసెంబరులో ఓక్లహోమా మీద సెమీఫైనల్లో జెఫర్సన్ మొదటి అర్ధభాగంలోనే నాలుగు టచ్‌డౌన్లు చేశాడు. దేశమంతా టీవీలో చూసింది.

అయినా అతను మైదానం మధ్యనుంచే ఆడగలడు, అంచుల్లో కార్నర్‌బ్యాక్‌లను ఎదుర్కోలేడు అన్న అనుమానం పుట్టించారు. కళాశాల కోచ్ ఎక్కడ నిలబెడితే అక్కడ ఆడి గెలిపించినవాడికి అదే లోపమైంది. రేగర్ వైపు చూసేసరికి అతని ఎగిరే ఎత్తు, దూకే దూరం మాట్లాడాయి. తక్కువ బంతులు పట్టడానికి క్వార్టర్‌బ్యాక్ బాగాలేడన్న సాకు దొరికింది. ఒకరికి సాకులు, మరొకరికి అనుమానాలు. అంతా జరిగాక జెఫర్సన్ తొలి సీజన్లోనే 1,400 గజాలు సాధించాడు. 2022లో 1,809 గజాలతో లీగ్ ఉత్తమ అఫెన్స్ ఆటగాడయ్యాడు. అదే ఏడాది ఆగస్టులో ఫిలడెల్ఫియా రేగర్‌ను వదిలించుకుంది, అదీ మినసోటాకే.

2019లో డీకే మెట్‌కాఫ్ విషయంలో అంకెల పిచ్చి మరో దారి పట్టింది. 228 పౌన్ల బరువుతో 4.33 సెకన్లలో పరుగెత్తిన ఆ కుర్రాడు, మూడు గుర్తుల చుట్టూ మలుపులు తిరిగే పరీక్షలో 7.38 సెకన్లు తీసుకున్నాడు. అది 2000 సంవత్సరంలో, నిదానస్తుడిగా పేరున్న క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ తీసుకున్న సమయం కంటే ఎక్కువ అంటూ ప్రచారం చేశారు. మెడ గాయం అనుమానమూ ఉంది, నిజమే. ఎనిమిది మంది రిసీవర్లను పిలిచాక 64వ స్థానంలో అతని పేరు వినబడింది. రెండో ఏడాదే 1,303 గజాలు సాధించాడు. ఎక్కించాలనుకుంటే ఒక అంకె, దించాలనుకుంటే ఇంకో అంకె. దీన్ని మూల్యాంకనం అనలేం.

ఎందుకిలా జరుగుతోంది? ఆటగాళ్లను వెతికే స్కౌట్లకు ఆట తెలియక కాదు. ఏడాదంతా ఊరూరా తిరిగి, రాత్రిళ్లు వీడియోలు చూసి, నిజాయతీగా నివేదికలు రాసేవాళ్లు ప్రతి జట్టులోనూ ఉన్నారు. కానీ నిర్ణయం దగ్గరికొచ్చేసరికి జనరల్ మేనేజర్‌కు రక్షణ కావాలి. కళ్లతో చూసి నమ్మి ఒకణ్ని తీసుకుంటే, వాడు విఫలమైతే తప్పు తనది. 4.2 సెకన్ల వాణ్ని తీసుకుంటే, వాడు విఫలమైనా యజమాని ముందు చూపించడానికి ఒక కాగితం ఉంటుంది. స్కౌట్, కోచ్, వైద్యుడు, విశ్లేషకుడు అందరూ తలొక మాట అన్నారు కాబట్టి తిలాపాపం తలా పిడికెడు. బాధ్యుడెవరని అడిగితే ఒక్క పేరూ బయటికి రాదు.

దీనికితోడు అవమానం ఒకటి. కంబైన్‌లో ఎత్తు, బరువు, చేతి పొడవు, అరచేతి వెడల్పు కొలిచే తీరు సంతలో ఎద్దు పళ్లు పట్టి చూసినట్టే ఉంటుంది. ఆటగాళ్లలో ఎక్కువమంది నల్లజాతివారు కావడంతో, ఇది బానిసల వేలాన్ని తలపిస్తోందన్న విమర్శ అమెరికాలో చాలాకాలంగా ఉంది. ఆ విమర్శను కొట్టిపారేయడానికి వీల్లేదు. 2010లో డెజ్ బ్రయంట్ అనే రిసీవర్‌ను డ్రాఫ్ట్‌కు ముందు ఇంటర్వ్యూ చేస్తూ, మయామీ డాల్ఫిన్స్ జనరల్ మేనేజర్ జెఫ్ ఐర్లాండ్ అతని తల్లి వ్యభిచారం చేసేదా అని అడిగాడు. సంగతి బయటపడ్డాక బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. ఉద్యోగం మాత్రం ఆ తర్వాత కూడా 2013 సీజన్ ముగిసేదాకా నిలిచింది. బంతి పట్టగలడా లేదా అని తెలుసుకోవడానికి ఒక యువకుణ్ని గదిలో కూర్చోబెట్టి తల్లి గురించి ఆ మాట అడిగారు. డాలస్ కౌబాయ్స్ 24వ స్థానంలో తీసుకున్న ఆ కుర్రాడు ఆ జట్టు చరిత్రలోనే అత్యధికంగా 73 రిసీవింగ్ టచ్‌డౌన్లు చేశాడు.

దారి లేదా అంటే ఉంది, పైగా తప్పు చేసిన జట్లే దాన్ని చూపించాయి. 2021లో సిన్సినాటి 5వ ఎంపికగా జమార్ చేజ్‌ను తీసుకుంది. అంతకుముందు సీజన్ అతను ఆడనే లేదు. 2019 నాటి ఆటను నమ్మి తీసుకున్నారు. తొలి ఏడాదే 1,455 గజాలు సాధించి జట్టును సూపర్‌బౌల్ దాకా తీసుకెళ్లడంలో భుజం కలిపాడు. అదే డ్రాఫ్ట్‌లో ఫిలడెల్ఫియా 10వ ఎంపికగా డివాంటా స్మిత్‌ను తీసుకుంది. కళాశాల చివరి సీజన్లో 1,856 గజాలు, 23 టచ్‌డౌన్లతో, కళాశాలల ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ గెలిచినా, 170 పౌన్లు కూడా తూగడని అతని మీద పెదవి విరిచారు. ఈసారి ఫిలడెల్ఫియా తక్కెడను పక్కనపెట్టి ఆటను చూసింది, మంచి రిసీవర్‌ను సంపాదించుకుంది.

తెలిసి కూడా మిగతావాళ్లు మారడం లేదు. 2021లోనే అమాన్‌రా సెయింట్ బ్రౌన్ కంటే ముందు 16 మంది రిసీవర్లను పిలిచారు. 112వ స్థానంలో డెట్రాయిట్ అతన్ని తీసుకుంది. ఆ 16 మంది పేర్లూ అతనికి ఇప్పటికీ కంఠస్థం. 2023లో పుకా నకువా అనే రిసీవర్ 177వ స్థానం దాకా వేచి ఉండాల్సి వచ్చింది. తొలి సీజన్లోనే 105 బంతులు, 1,486 గజాలతో కొత్త ఆటగాళ్ల రికార్డులు తిరగరాశాడు. అతని తొలి ఒప్పందం విలువ నాలుగేళ్లకు దాదాపు 40 లక్షల డాలర్లు. 2024లో జెఫర్సన్‌తో మినసోటా కుదుర్చుకున్న కొత్త ఒప్పందం విలువ నాలుగేళ్లకు 14 కోట్ల డాలర్లు.

డ్రాఫ్ట్‌లో ఎంపికైన ఆటగాడి తొలి ఒప్పందాన్ని మూడు సీజన్లు ముగిసేదాకా సవరించడానికి వీల్లేదని నిబంధన ఉంది. ఒక్క దెబ్బకు మోకాలు పోయి ఆట ముగిసిపోయే ఈ క్రీడలో మూడు సీజన్లంటే చాలామందికి జీవితకాలపు సంపాదన. జట్టు తప్పుగా అంచనా వేసినందుకు ఆ జట్టుకే అతి చవకగా సేవ దొరుకుతోంది. తప్పు చేసినవాడికి లాభం, తప్పుకు గురైనవాడికి నష్టం. ఇంతకంటే స్పష్టమైన అన్యాయం ఏముంటుంది?

ఈరోజు ప్రతి ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాడి భుజకవచంలోనూ చిప్ ఉంటోంది. ఆటలో ఎవరు ఎంత వేగంతో వెళ్లారో, ప్రత్యర్థికి ఎంత దూరంలో ఉండగా బంతి అందుకున్నారో లెక్క తేలుతోంది. కళాశాల ఆటల్లోనూ ఆ లెక్కను అన్ని జట్లకూ, ఆటగాళ్లకూ ఒకే తీరున అందించే ఏర్పాటు చేయాలి. 40 గజాల పరుగును టీవీ వేడుకగా అమ్ముకోవడం లీగ్ మానుకోవాలి. ఇంటర్వ్యూల్లో కుటుంబం జోలికి వెళ్లిన అధికారిని క్షమాపణతో సరిపెట్టకుండా ఇంటికి పంపాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఆటగాళ్ల సంఘం చేతిలో ఉంది. యాజమాన్యాలతో కుదిరిన ప్రస్తుత ఒప్పందం 2030 సీజన్ దాకా అమల్లో ఉంటుంది. తర్వాతి ఒప్పందంపై చర్చలకు కూర్చున్నప్పుడు, మూడు సీజన్ల నిర్బంధాన్ని ఒక్క సీజన్‌కు తగ్గించాలని సంఘం పట్టుబట్టాలి. ఆ ఒక్క షరతు సాధించకుండా సంతకం పెట్టకూడదు.