చట్టం ఎత్తేశారు కదండీ, ఇంకేంటి?

మొన్న లంచ్‌లో డీనోటిఫైడ్ తెగల మాటొస్తే మా టీములో ఒకాయన ఒక్క ముక్కలో తేల్చేశాడు: "చట్టం ఎత్తేసి డెబ్బై ఏళ్ళు దాటింది కదండీ! ఫ్రాన్సులో యూదులకి ఒక్క తీర్మానంతో పౌరసత్వం ఇచ్చారు, వాళ్ళు పైకి రాలా?" సాంబారు చల్లారిపోయేదాకా వాదించాను. అక్కడ మిగిలిపోయింది ఇక్కడ రాస్తున్నా.

ముందు ఆయన ఉదాహరణే చూద్దాం. 1791 సెప్టెంబర్ 27న ఫ్రెంచి అసెంబ్లీ యూదులందరికీ పౌరసత్వం ఇచ్చిన మాట నిజమే. పదిహేడేళ్ళు నిండకుండానే, 1808 మార్చిలో నెపోలియన్ ఇంకో ఆజ్ఞ తెచ్చాడు. చాలా ప్రాంతాల్లో యూదుడు వ్యాపారం చెయ్యాలంటే ఏటేటా విడిగా లైసెన్సు తెచ్చుకోవాలి. పౌరుడేనట, కానీ సచ్ఛీలుడినని ఏడాదికోసారి రుజువు చేసుకోవాలట! ఆ ఆజ్ఞ పదేళ్ళు నడిచింది. ఈ సంగతి ఆయనకి తెలీదు.

ఇక మావైపు సంగతి. మాది గూడూరు. క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1871లో ఉత్తరాదిన మొదలై, 1911 చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వచ్చింది. ఎరుకలవాళ్ళనీ, యానాదుల్లో కొందరినీ పుట్టుకతోనే నేరస్తులుగా రాసేశారు. స్టువర్టుపురం, కప్పరాళ్ళతిప్ప సెటిల్‌మెంట్లు అలా వెలిసినవే. నెల్లూరు జిల్లాకే చెందిన వెన్నెలకంటి రాఘవయ్య లాంటివాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడితే మద్రాసులో 1947లో, దేశమంతటా 1952 ఆగస్టులో ఆ చట్టం పోయింది. పోయి ఎక్కడికెళ్ళింది? 1948లోనే మద్రాసులో 'అలవాటుపడ్డ నేరస్తుల' చట్టం, 1962లో ఆంధ్రప్రదేశ్‌కి ఇంకోటి. అది శిక్షపడ్డ మనిషికే గానీ కులానికి కాదంటారు. కాగితం మీద నిజమే, ఒప్పుకుంటా. మరి కొన్ని రాష్ట్రాల జైలు మాన్యువళ్ళలో ఆ తెగల పేర్లనే ఆ మాటకి అర్థంగా ఎందుకు ఉంచారు? వాటిని కొట్టెయ్యడానికి సుప్రీంకోర్టుకి 2024 అక్టోబర్ దాకా పట్టింది. మన భాషలో చెప్పాలంటే, టేబుల్ డ్రాప్ చేసి వ్యూ అలాగే ఉంచారు :)

జైళ్ళదాకా ఎందుకు, మా ఇంటి సంగతే చెప్తా. మా నిమ్మతోటకి కాపలా యానాది కుటుంబమే. మోటారు షెడ్డు తాళం వాళ్ళ దగ్గరే ఉండేది. నేను ఇంజనీరింగ్ సెకండియర్లో ఉండగా అమ్మ చెవికమ్మ ఒకటి కనపడలేదు. నాన్న నోటెంట మొదట వచ్చింది వాళ్ళ పేరే. ఇల్లంతా వెతికించుకున్నారు పాపం, మాట్లాడకుండా. మూడోరోజు కమ్మ మా బియ్యం డబ్బాలోనే దొరికింది. వాళ్ళ దగ్గరికెళ్ళి తప్పయిందని ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.